ఒకే కవరు, రెండు పేర్లు

ఆ హోటల్ లిఫ్టులో ముగ్గురు పట్టరు. ఇద్దరు మనుషులూ ఒక పెట్టే పడతారు, కాదంటే ఒక మనిషీ మూడు పెట్టెలూ పడతాయి. కృపావరం గారు ఎక్కితే మాత్రం కృపావరం గారొక్కరే పడతారు.

"నేను పైకి పోతున్నా. మీరిద్దరూ మెట్లమీద రండి," అంటూ ఆవిడ ఇత్తడి ఊచల తలుపు లాగేసుకున్నారు.

"అత్తయ్యా! పైకి పోతున్నా అనకు, మూడో అంతస్తుకి వెళ్తున్నా అను!" అని వసంతకుమారి అరిచేసరికే లిఫ్టు మూలుగుతూ బయల్దేరిపోయింది.

కింద లాబీలో వసంతకుమారి, దైవాశీర్వాదం, ఐదు పెట్టెలు మిగిలారు.

"మూడు రోజులకి ఐదు పెట్టెలా అండీ?" అన్నాడు దైవాశీర్వాదం.

"నాది ఒకటి. మీదొకటి. మిగతా మూడూ అత్తయ్యవి. ఆ నీలంది కాస్త జాగ్రత్త, రైస్ కుక్కర్ ఉంది."

"హోటల్‌కి రైస్ కుక్కరా?"

"రిహార్సల్ కదండీ. స్పెయిన్‌లో ఏం చేస్తామో ఇక్కడా అదే చేయాలట. మీరు బరువులు మొయ్యడం కూడా రిహార్సలే. ఎత్తండి."

స్పెయిన్ చూడాలంటే ముందు కాస్త పెయిన్ తప్పదనుకుని అతను నీలం పెట్టె భుజానికెత్తాడు.

రిహార్సల్ ఏమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. 1986 మే నెల అది. కృపావరం గారు ఫ్రీమాంట్‌లో పద్నాలుగేళ్లుగా నర్సు. ఈ పద్నాలుగేళ్లలో అమెరికాలో ఆవిడ తిరగని ఊరు లేదు, హోటల్లో దిగిన ఊరూ లేదు. చికాగో వెళ్తే అక్కడి తెలుగు సంఘంలో ఒకరింట్లో, ఐసెలిన్ వెళ్తే ఇంకొకరింట్లో దిగాల్సిందే. హోటల్లో దిగారని తెలిస్తే ఆ ఊళ్లో మనవాళ్లు ఏడాదిపాటు మొహం ముడుచుకుంటారు. కానీ స్పెయిన్‌లోని గ్రనడాలో ఎవరింట్లో దిగుతాం? అక్కడ మనవాళ్లెవరూ లేరే!

గ్రనడా ఎందుకంటే, పదకొండేళ్ల క్రితం ఆ ఊరి ముసలావిడ ఒకరు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్తూ కృపావరం గారికి ఒక క్యాలెండర్ ఇచ్చింది. అందులో మే నెల పేజీలో రాతి సింహాలు చుట్టూ నిలబడి ఒక ఫౌంటెన్‌ని మోస్తుంటాయి. ఆ ఏడాది మే వెళ్లిపోయినా ఆ పేజీ వెళ్లలేదు. కృపావరం గారి వంటింట్లో పదకొండేళ్లుగా మే నెలే. బయట డిసెంబరు వచ్చినా లోపల మేమే అన్నట్టు మే!

ఇప్పటికి ఆవిడకి సెలవు కుదిరింది, కానీ మోకాళ్లు కుదరలేదు. టూరు బస్సువాళ్లు నా మోకాళ్ల కోసం ఆగుతారా అని, నడకకి మేనకోడలు వసంతకుమారినీ, నోటికి తమ చర్చి కుర్రాడు దైవాశీర్వాదాన్నీ కుదుర్చుకున్నారు. నోరు ఎందుకంటే అతనికి స్పానిష్ వచ్చు. వచ్చు అంటే, అతను పనిచేసే ఫ్యాక్టరీలో మెషీన్ల దగ్గర మెక్సికో మిత్రులు నేర్పినంత వచ్చు. "బెల్టు తెగింది", "ఆయిల్ పోయండి", "చెయ్యి జాగ్రత్త" అనే మూడు ముక్కలూ అనర్గళంగా మాట్లాడతాడు. అన్నం ఎక్కడ దొరుకుతుందని అడగడం మాత్రం రాదు. అందుకే రైస్ కుక్కర్.

ఇక వీసాలకి కాన్సులేట్ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉంది కాబట్టి ఆ పనీ, హోటల్ రిహార్సలూ కలిసొస్తాయని ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి వచ్చి ఈ హోటల్లో దిగారు. పాత లాడ్జీకి కొత్త రంగులేసి, గదికో పువ్వూ మెట్టుకో బొమ్మా పెట్టి, దీన్ని బుటీక్ హోటల్ అన్నారు. బొటనవేలంత ఉంటుంది కాబట్టి బుటీక్ అయ్యుంటుందని దైవాశీర్వాదం అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని అతను పైకి అనలేదు. ఈ మనిషికి ముప్పై ఒకటో ఏడు. ఫ్యాక్టరీలో అందరూ డేవ్ అంటారు. మనసులో అనుకునేవి బోలెడు, పైకి అనేవి తక్కువ.

ఉదాహరణకి, వసంతకుమారి తూర్పు తీరంలోని షాంటిలీ నుంచి ఆరు నెలల కాంట్రాక్టు మీద అత్తయ్య ఆస్పత్రి ల్యాబ్‌లో పనికి వచ్చి ఇరవై నాలుగు వారాలైంది. ఇరవై నాలుగు ఆదివారాలూ అతను చర్చి పార్కింగ్ లాట్‌లో ఆమెకి ఎదురుపడి "బావున్నారా?" అన్నాడు. ఆమె "బావున్నా" అంది. అంతే. కాంట్రాక్టు జూన్‌లో అయిపోతుంది. స్పెయిన్ నుంచి తిన్నగా షాంటిలీకి, అక్కడ సిద్ధంగా ఉన్న పర్మనెంట్ ఉద్యోగానికి వెళ్లిపోతుంది. అతని చేతిలో మిగిలింది ఒక్క స్పెయిన్.

సాయంత్రం ఆరింటికి ముగ్గురూ లాబీలో మ్యాప్ పరిచారు.

"ఈ టోలెడో అన్న ఊరికి ఎవరు తోలతారు?" అన్నారు కృపావరం గారు.

"నేను తోలతాను ఆంటీ."

"తోలేవాడివి నువ్వే అయితే టోలెడో ఏం ఖర్మ, గ్రనడా దాకా తోలు."

"అక్కడ టాపాస్ అని చిన్న ప్లేట్లలో పెడతారట," అంది వసంతకుమారి. "రాత్రి పదింటిదాకా భోజనం ఉండదట."

"పదింటిదాకా తిండి లేకుండా కూర్చోడం టాపాస్ కాదే, తపస్సు. ఆ కుక్కర్ తెచ్చింది అందుకే."

వసంతకుమారి నవ్వింది. ఆ నవ్వుకి ఎదురుగా కూర్చున్నవాడికి బార్సిలోనా ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

అప్పుడే కౌంటర్ మీద ఫోన్ మోగింది. క్లర్కు రోసా రిసీవర్ చూపించి "మిస్ కుమారీ!" అంది. వసంతకుమారి వెళ్లి అందుకుంది.

ఫోన్‌లో తమ చర్చిలోని విజయశ్రీ ఆంటీ. ఆవిడ గొంతుకి ఫోన్ అవసరం లేదు. ఫ్రీమాంట్ నుంచి కిటికీ తీసి మాట్లాడినా చాలు. కాబట్టి లాబీ అంతా విన్నది.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా! ఎంత గుట్టుగా ఉంచారే ఇద్దరూ! హనీమూన్ స్పెయిన్‌లోనా? ఇప్పుడే పాస్టరయ్యగారు చర్చిలో చదివారు. అందరం చప్పట్లు కొట్టాం. కేకు నేనే చేస్తున్నా, వద్దనకు!"

వసంతకుమారి రిసీవర్ పెట్టేసి వచ్చి కృపావరం గారి ముందు నిలబడింది.

"అత్తయ్యా, ప్రయాణం ప్రార్థనకి కవరు ఎలా ఇచ్చావు?"

మన చర్చిలో ఒక పద్ధతి ఉంది. పుట్టినరోజైనా, కొత్త ఉద్యోగమైనా, దూర ప్రయాణమైనా కానుక కవరు మీద పేరూ కారణమూ రాసి ఇస్తే, పాస్టరుగారు అందరి ముందూ చదివి ప్రార్థన చేస్తారు. ఇంటికో కవరు. పైన ఇంటాయన పేరు, కింద ఇల్లాలి పేరు.

"నిన్న పాస్టరమ్మగారి చేతికిచ్చి వచ్చానే," అన్నారు కృపావరం గారు. "ఇంట్లో రెండే కవర్లు మిగిలాయి. ఒకటి నాకు రాసుకున్నా. రెండోది..."

"రెండోది?"

"మీ ఇద్దరి పేర్లూ రాశా. స్పెయిన్ ప్రయాణం నిమిత్తం అని."

"ఒక కవరంటే ఒక కుటుంబం అత్తయ్యా!"

కృపావరం గారి చెయ్యి నోటి మీదికి వెళ్లింది. పాస్టర్ సుందర్ రాజ్ గారు ఈ సంఘానికి వచ్చి రెండు నెలలే. ఎవరెవరి పిల్లలో, ఎవరెవరికి ఏమవుతారో ఇంకా తెలియదు. రెండు పేర్లు చూశారు, అలవాటు చొప్పున చివర "కుటుంబం" అని తగిలించారు.

"పొరపాటే కదా, వచ్చే వారం చెప్పేద్దాం..." అని దైవాశీర్వాదం అనబోయాడు.

వసంతకుమారి మ్యాప్ మడిచింది. మడతలు సరిగ్గా పడలేదు. అలాగే పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ముగ్గురూ కాన్సులేట్ ముందు నిలబడ్డారు. పేరు చివర లేట్ ఉంది గానీ, తలుపు ఠంచనుగా తొమ్మిదికే తెరిచారు. కృపావరం గారి మోకాళ్లు చూసి ఆవిడని ముందే లోపలికి పంపి కుర్చీ వేశారు. క్యూలో ఇద్దరే మిగిలారు.

"మీకు నా మీద కోపమా?" అన్నాడు దైవాశీర్వాదం.

"మీరేం చేశారని? మీరు ఏదీ చేయరు కదా."

అతనికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

క్యూ రెండడుగులు కదిలాక ఆమే మొదలుపెట్టింది. "రెండేళ్ల క్రితం షాంటిలీలో మా అన్నయ్యా పెద్దవాళ్లూ ఒకాయన్ని చూశారు. నేను ఒక్కసారే మాట్లాడాను. ఆలోచించి చెప్తానన్నాను. ఆ ఆదివారమే చర్చిలో పేరూ పేరూ కలిపి చదివేశారు. కేకు కూడా కోశారు. మూడు నెలలకి ఆయన వద్దన్నాడు."

"అయ్యో."

"ఇదిగో, ఈ అయ్యోనే. ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఒక్కో ఆంటీ నా చెయ్యి పట్టుకుని అయ్యో అనేది. నన్నెవరూ అడగలేదండీ. నేను ఔననకుండానే పెళ్లికూతుర్నయ్యా, కాదనకుండానే కాకుండా పోయా. అందుకే ఇక్కడ పని అనగానే ఎగిరొచ్చేశా. ఇక్కడ కూడా అదే."

"మరి మీ వీసా ఫారం..."

"నా ఫారం ఇవ్వను. రేపు టికెట్ మార్చుకుని షాంటిలీ వెళ్లిపోతా."

"మరి ఆంటీ గ్రనడా?"

ఆమె అద్దంలోంచి లోపలికి చూసింది. కృపావరం గారు ఒళ్లో పాత క్యాలెండర్ పేజీ పెట్టుకుని, ఆఫీసరుకి సింహాలు చూపిస్తున్నారు. వీసా మీద వీసమెత్తు అనుమానం ఉన్న మనిషిలా లేరు.

"నాకు మాత్రం బాధగా లేదనుకున్నారా?" అంది వసంతకుమారి, చాలా మెల్లగా.

కౌంటర్‌లో, ఫారాలు బుధవారం మధ్యాహ్నం దాకా తీసుకుంటామన్నారు. రెండు ఫారాలు లోపలికి వెళ్లాయి. ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లోనే తిరిగొచ్చింది.

హోటల్‌కి నడిచి వస్తున్నంతసేపూ దైవాశీర్వాదాన్ని ఒకటే తొలిచేసింది. నిన్న విజయశ్రీ ఆంటీ గొంతు వినగానే, ఆ లాబీ మొత్తంలో సంతోషపడ్డవాడు ఒక్కడున్నాడు. పొరపాటు అని తేలేలోపు, ఓ రెండు నిమిషాలు, అతను లోలోపల కేకు కూడా తినేశాడు. అడగకుండా దొరికిందని సంబరపడ్డ రెండు నిమిషాలవి. ఆమెకి బాధ కలిగించిందీ అదే, అడగకపోవడం.

సాయంత్రం అతను లాబీలో ఫోన్ పక్కన కూర్చున్నాడు. కారు లేనివాళ్లని చర్చికి ఎక్కించుకొచ్చే బాధ్యత అతనిదే కాబట్టి, అందరి ఫోన్ నంబర్లూ జేబు పుస్తకంలో ఉన్నాయి. ఇరవై మూడు ఇళ్లు. ముందు పాస్టరుగారికి చేశాడు.

"కుటుంబం అన్న మాట నాది నాయనా," అన్నారు సుందర్ రాజ్ గారు. "ఆదివారం అందరి ముందూ సరిచేస్తాను."

"ఆదివారం దాకా ఆగితే కేకు రెడీ అయిపోతుందండీ, అయ్యగారూ."

తర్వాత ఒక్కో ఇల్లూ.

"జగన్మోహన్ అంకుల్, వందనాలు. నేను దైవాశీర్వాదాన్ని. నిన్న చర్చిలో చదివింది పొరపాటండీ. లేదండీ, క్యాన్సిల్ కాలేదు. అసలు లేదు. లేనిది ఎలా క్యాన్సిల్ అవుతుంది? ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆమె ఎవరినీ కాదనలేదు. దయచేసి ఆదివారం ఆమె దగ్గర అయ్యో అనకండి. అవునండీ, ఆ ఒక్క మాట వద్దు."

పద్దెనిమిది ఇళ్లకి ఇదే పాఠం. బహిరంగంగా మూడు మాటలు మాట్లాడని మనిషి గొంతు బొంగురుపోయింది. పంతొమ్మిదోది విజయశ్రీ ఆంటీ.

"పొరపాటా? నేను మైదా జల్లించేశా కదయ్యా!"

"సారీ ఆంటీ."

"సరే, మైదా ఎక్కడికీ పోదు. నువ్వు నిజం చెప్పు. ఆ పిల్లంటే నీకు ఇష్టమా, కాదా?"

అతను ఫోన్ తీగని వేలికి చుట్టాడు, విప్పాడు.

"అది మొదట చెప్పాల్సింది ఆమెకి ఆంటీ. మీకు కాదు."

అని రిసీవర్ పెట్టి, తల తిప్పాడు. మెట్ల మలుపులో, చేతిలో రైస్ కుక్కర్ గిన్నెతో, వసంతకుమారి నిలబడి ఉంది. నీళ్ల కోసం వచ్చిందట. ఎప్పుడు వచ్చిందో ఆ గిన్నెకే తెలియాలి.

ఆమె దిగి వచ్చి సోఫాకి అవతలి చివర కూర్చుంది. గిన్నె మధ్యలో పెట్టింది.

"ఎన్ని ఇళ్లయ్యాయి?"

"పంతొమ్మిది. ఇంకా నాలుగు."

"ఆ నాలుగూ నేను చేస్తా. పుస్తకం ఇలా ఇవ్వండి." పుస్తకం తీసుకుంది గానీ తెరవలేదు. "ఏదో మొదట నాకు చెప్పాలన్నారు."

దైవాశీర్వాదం గిన్నెని చూశాడు. గిన్నె సాయం చేయలేదు.

"నిన్న ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకు సంతోషమేసింది. అది తప్పు. మిమ్మల్ని అడగకుండా సంతోషపడటం తప్పు. అందుకే ఇంటింటికీ ఫోన్ చేసి ఆ కబురు వెనక్కి తీసుకున్నా. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు, కాబట్టి అడుగుతున్నా. మీరంటే నాకు ఇష్టం. ఇరవై నాలుగు వారాలుగా. బావున్నారా అన్న ప్రతిసారీ నేను అడగాలనుకున్నది వేరే."

"ఏంటది?"

"నన్ను పెళ్లి చేసుకుంటారా అని."

"పార్కింగ్ లాట్‌లోనా?"

"అక్కడ కార్లు ఎక్కువ ఉండేవండీ. అందుకే ఆగాను."

ఆమె నవ్వు ఆపుకుంది, పూర్తిగా ఆగలేదు. "ఇది స్పానిష్‌లో చెప్పగలరా?"

"నాకు వచ్చినవి మూడే."

"మూడోది చెప్పండి."

చెప్పాడు.

"అంటే?"

"చెయ్యి జాగ్రత్త అని."

ఆమె తన చేతివంక చూసుకుంది. అది గిన్నె పక్కన, అతని చేతికి జానెడు దూరంలో ఉంది. "జాగ్రత్తగానే ఉందిలెండి," అంది. తీయలేదు మాత్రం.

"నాకు టైమ్ కావాలి," అంది. "ఆలోచించి చెప్తా. ఈసారి నిజంగా ఆలోచించి. ఔనైనా కాదైనా ముందు మీకే. ఆ తర్వాతే ఊరికి."

"ఎంత టైమైనా."

"మరీ ఇరవై నాలుగు వారాలు కాదు."

మంగళవారం సన్నగా జల్లు పడింది. కొండలాంటి ఆ వీధిలో ఒక్క గొడుగు కింద ముగ్గురూ ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్లారు. గొడుగు కృపావరం గారిది కాబట్టి కృపావరం గారికే సరిపోయింది. చెరోవైపు తడిసినవాళ్లు ఆవిడ తల మీదుగా రైలు టైములు మాట్లాడుకున్నారు. బుధవారం పదకొండున్నరకి మూడో ఫారం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బయటికొచ్చి కౌంటర్ ఎక్కింది. దైవాశీర్వాదం ఏమీ అడగలేదు. అడగాల్సింది అడిగేశాడు కాబట్టి, అడక్కుండా ఉండటం మొదటిసారిగా హాయిగా ఉంది.

"హోటల్ రిహార్సల్ ఎలా ఉంది ఆంటీ?" అన్నాడు గదులు ఖాళీ చేస్తుంటే.

"పొద్దున లేచి పక్క సర్దుకుంటే ఆ గదులు ఊడ్చే పిల్ల వచ్చి విప్పి మళ్లీ సర్దుతుందయ్యా. దానికి నా సర్దుడు నచ్చలేదు. స్పెయిన్‌లో నేను సర్దను, అంతే!"

ఆదివారం ఫ్రీమాంట్‌లో, మధ్యాహ్నం మూడింటికి, అమెరికన్ల ఆరాధన అయ్యాక మనవాళ్లకి దొరికే చర్చిలో అందరూ చేరారు. బెంచీలో ఇటు దైవాశీర్వాదం, అటు వసంతకుమారి, మధ్యలో కృపావరం గారు. పాస్టరుగారు లేచి, గత వారం చదివినదాంట్లో ఒక మాట తను కలిపినదని, ఇద్దరినీ క్షమించమని అడిగారు. ఎవరూ అయ్యో అనలేదు. విజయశ్రీ ఆంటీ పెదవులు బిగించి కూర్చున్నారు. ఆవిడకి అది ఉపవాసం కంటే కష్టం.

కానుకల సంచీ ముందు బెంచీ నుంచి కదిలింది. కృపావరం గారు హ్యాండ్‌బ్యాగ్ తెరిచారు. లోపల రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట! సోమవారం నుంచి ఆవిడ ప్రాయశ్చిత్తం అదే.

"ఇదిగో, ఎవరి కవరు వాళ్లకి," అని ఆవిడ గుసగుసగా ఇటొకటి, అటొకటి పంచారు. "ఇక జన్మలో కవర్లకి కక్కుర్తి పడను."

దైవాశీర్వాదం తన కవరు మీద పేరు రాశాడు. కింద "స్పెయిన్ ప్రయాణం నిమిత్తం" అని రాశాడు. సంచీ రెండు బెంచీల అవతలికి వచ్చింది.

ఒక చెయ్యి కృపావరం గారి ఒడి మీదుగా చాపుకుని వచ్చి, అతని కవరూ పెన్నూ రెండూ తీసుకుంది.

అతను తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు. కాగితం మీద పెన్ను కదిలే చప్పుడు మాత్రం వినిపించింది. పొట్టి మాటకి పట్టే సమయం కాదది, వసంతకుమారి అన్నంత పొడుగు పేరుకి పట్టే సమయం.

కవరు తిరిగి అతని ముందుకొచ్చింది. అతని పేరు కింద, గుండ్రటి అక్షరాలతో, ఆమె చేత్తో రాసిన ఆమె పేరు. అప్పుడు తల తిప్పాడు. ఆమె తిన్నగా పాస్టరుగారి వైపే చూస్తోంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ముందు అతనికే చెప్పింది, మాట ప్రకారం. ఊరికి ఇంకా అర నిమిషం ఉంది.

"చెయ్యి జాగ్రత్త," అన్నాడతను, ఆ మూడో ముక్క స్పానిష్‌లోనే, పెదాల కదలికతో. కవరు సంచీలో పడింది.

వసంతకుమారి తనకిచ్చిన ఖాళీ కవరుని మడత పడకుండా కృపావరం గారి చేతిలో పెట్టింది.

"ఇదేంటే, ఇది మిగిలిపోయింది?"

"మాకు ఒక్కటి చాలు అత్తయ్యా. ఇంటికొకటే కదా."

కృపావరం గారు ఖాళీ కవరుని చూశారు, అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత దాన్ని కట్టలో పెట్టి, రబ్బరు బ్యాండు రెండుసార్లు చుట్టి, ఆ కట్టతోనే కళ్లు తుడుచుకోబోయారు.

ముందు పాస్టరుగారు కవర్లు ఒక్కొక్కటే చదువుతూ ఒక దాని దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు పైకెత్తారు. మళ్లీ దించారు. ఒకసారి దెబ్బ తిన్న మనిషి కదా! చదవకుండా, కవరుని అందరికీ కాకుండా ఒక్క వసంతకుమారికి కనిపించేలా పట్టుకుని, "చదవమంటారా అమ్మా?" అన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

ఆమె ఆయన అడిగేదాకా ఆగింది. అడిగారు కాబట్టి, లేచి నిలబడి తల ఊపింది.